విండోస్ ఎస్‌ఎస్‌డీలో, బూట్ ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో: నల్లగొండ డీటీపీ షాపు కంప్యూటర్‌పై కేస్ స్టడీ

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక డీటీపీ షాపులోని కంప్యూటర్ ఇది. పొద్దంతా లగ్గం పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు, మధ్యమధ్యలో ఆన్‌లైన్ దరఖాస్తులు. కోర్ ఐ3 10100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, కొన్నప్పటి నుంచి ఉన్న 1 టీబీ సాటా (డిస్క్‌ను కేబుల్‌తో తగిలించే పద్ధతి) హార్డ్ డిస్క్, తర్వాత చేర్చిన 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్). ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడే దాంట్లో విండోస్ 11 ఎక్కించారు. హార్డ్ డిస్క్‌లోని పాత విండోస్ 10ని, డేటాను కదిలించలేదు.

కొన్ని నెలలకు హార్డ్ డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. ఫైళ్లు తెరుచుకోవడం ఆలస్యమైంది. హార్డ్ డిస్క్ పోయేటట్టుంది కాబట్టి దాని కేబుళ్లు పీకేశారు. అప్పటి నుంచి కంప్యూటర్ ఆన్ చేస్తే నేరుగా బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) స్క్రీన్‌లోకే పోతోంది. విండోస్ ఛాయ కూడా లేదు. షాపతను చెప్పిన సమస్య ఇది: "ఎస్‌ఎస్‌డీ గూడ పోయిందట. ఫార్మాట్ కొట్టి మళ్ల విండోస్ ఎక్కియ్యాలంటున్నరు. డెస్క్‌టాప్ మీదనే పత్రికలన్నీ ఉన్నయి, అవి పోవద్దు."

ఎస్‌ఎస్‌డీ పోలేదు. ఫార్మాట్ అసలే అక్కర్లేదు. కొట్టి ఉంటే మాత్రం ఆ పత్రికలు తిరిగి వచ్చేవి కావు.

మొదట చూసింది

బయోస్‌లో రెండు జాబితాలుంటాయి, వాటిని కలిపి చదవకూడదు. సాటా పోర్టుల్లో ఏమేం డిస్కులున్నాయో చెప్పేది ఒకటి. దేని నుంచి బూట్ కావచ్చో చెప్పేది రెండోది. ఈ మెషీన్‌లో మొదటి జాబితాలో ఎస్‌ఎస్‌డీ మోడల్ పేరుతో, సైజుతో చక్కగా కనిపిస్తోంది. రెండోది ఖాళీ. డిస్కే పాడైతే సాధారణంగా మొదటి జాబితాలోనూ ఉండదు, లేదంటే వస్తూ పోతూ ఉంటుంది. డిస్క్ ఉండి బూట్ జాబితాలో పేరు లేదంటే దాంట్లో బూట్ ఫైళ్లు, అంటే ఆన్ చేయగానే విండోస్‌ను మొదలుపెట్టే చిన్న ఫైళ్లు, లేవని మొదటి అనుమానం.

నిర్ధారణకు హార్డ్ డిస్క్‌ను మళ్లీ తగిలించి చూస్తే విండోస్ వచ్చేదే. కానీ చప్పుడు చేస్తున్న డిస్క్‌ను ఉత్త పరీక్ష కోసం తిప్పకూడదు. దాని ఆయుష్షు ఎన్ని గంటలో ఎవరికీ తెలియదు, ఆ గంటలు డేటా తీయడానికే కావాలి. అందుకని ఎస్‌ఎస్‌డీని విప్పి యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు పెట్టి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూశాం. 446 జీబీ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ పద్ధతి) పార్టిషన్ (డిస్క్‌లో వేరు చేసిన ముక్క) ఒకటి, దాని చివర చిన్న రికవరీ పార్టిషన్ ఒకటి. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ లేదు. విండోస్ తన కోసం పెట్టుకునే 16 ఎంబీ ఎంఎస్‌ఆర్ పార్టిషన్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనపడదు, డిస్కులను కమాండ్లతో చూసే, మార్చే డిస్క్‌పార్ట్‌లో అది కూడా కనిపించింది. కారణం అక్కడే తేలిపోయింది.

అదే వైర్ మీద యూజర్స్ ఫోల్డర్ మొత్తం, డెస్క్‌టాప్‌తో సహా, కాపీ చేసి పెట్టుకున్నాం. దాంతోపాటు విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ కూడా. డీటీపీ షాపు మెషీన్‌లో ఇది మరిచిపోతే పత్రిక ఫైల్ ఉన్నా తెలుగు అక్షరాలన్నీ గజిబిజి గుర్తులుగా తెరుచుకుంటాయి. మరమ్మతు ఎంత చిన్నదైనా సరే, కాపీ అయ్యాకే పార్టిషన్ల మీద చెయ్యి వెయ్యాలి.

ఇట్లా ఎందుకైంది

విండోస్ ఎక్కించేటప్పుడు డ్రైవ్ ఎంచుకునే స్క్రీన్ ఒకటే అయినా, అక్కడ తేలేవి రెండు విషయాలు. విండోస్ ఫైళ్లు ఎక్కడికి పోవాలన్నది ఒకటి. దాన్ని మనమే చెప్తాం. బూట్ ఫైళ్లు ఎక్కడికి పోవాలన్నది రెండోది. దాన్ని మనల్ని అడగదు, సెటప్ తానే చూసుకుంటుంది. కంప్యూటర్‌లో అప్పటికే ఇంకో డిస్క్ మీద ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉంటే, కొత్తది చేయకుండా పాతదాంట్లోనే తన బూట్ ఫైళ్లు పెట్టేస్తుంది.

ఆ రోజు స్క్రీన్ మీద కనిపించిన జాబితాను హార్డ్ డిస్క్‌లో మిగిలి ఉన్న పార్టిషన్లను బట్టి తిరిగి రాసుకోవచ్చు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, 100 ఎంబీ, సిస్టమ్. పార్టిషన్ 2, 16 ఎంబీ, ఎంఎస్‌ఆర్. పార్టిషన్ 3, 150 జీబీ, ప్రైమరీ. ఇది పాత విండోస్ 10. పార్టిషన్ 4, 529 ఎంబీ, రికవరీ. పార్టిషన్ 5, 780 జీబీ పైచిలుకు, ప్రైమరీ, ఇది డేటా. అన్నిటికన్నా కింద డ్రైవ్ 1 అన్‌అలొకేటెడ్ స్పేస్, 447.1 జీబీ. ఎక్కించిన మనిషి తప్పు డ్రైవ్ ఎంచుకోలేదు. డ్రైవ్ 1 మీద నొక్కి నెక్స్ట్ కొట్టాడు, విండోస్ సరిగ్గా ఎస్‌ఎస్‌డీలోకే పోయింది. డ్రైవ్ 0 మీది 100 ఎంబీ సిస్టమ్ పార్టిషన్ సెటప్ కంటపడింది, బూట్ ఫైళ్లు అక్కడికి చేరాయి.

దీని గుర్తులు మొదటి రోజు నుంచే ఉన్నాయి. ఆన్ చేసినప్పుడల్లా విండోస్ 11 కావాలా, విండోస్ 10 కావాలా అని నీలం స్క్రీన్ అడుగుతుండేది. ఒకే బూట్ పార్టిషన్‌లో రెండు విండోస్‌లు నమోదైనప్పుడు వచ్చే స్క్రీన్ అది. బయోస్ బూట్ జాబితాలో విండోస్ బూట్ మేనేజర్ అన్న మాట పక్కన డిస్క్ మోడల్ పేరు ఉంటుంది. అక్కడ ఎస్‌ఎస్‌డీ పేరు బదులు హార్డ్ డిస్క్ పేరుంటే ఈ జబ్బు ఉన్నట్టే. ఎస్‌ఎస్‌డీ ఉన్నా లోగో దగ్గర నిమిషాల తరబడి ఆగడం కూడా అందులో భాగమే: చెడిపోతున్న హార్డ్ డిస్క్ నుంచి బూట్ ఫైల్ చదివితే తప్ప ఎస్‌ఎస్‌డీ వంతు రాదు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఈ విషయం చూసేటప్పుడు పేర్లు తికమక పెడతాయి. మైక్రోసాఫ్ట్ లెక్కలో బూట్ ఫైళ్లున్న పార్టిషన్ పేరు సిస్టమ్, విండోస్ ఫోల్డర్ ఉన్న పార్టిషన్ పేరు బూట్. సీ మీద బూట్ అని రాసి ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. చూడాల్సింది ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అన్న చిన్న గడి ఏ డిస్క్ వరుసలో ఉందన్నదే.

మన వాడుకలో డ్రైవ్ అనే మాట కూడా ఇందులో ఇబ్బంది చేస్తుంది. షాపులో "సీ డ్రైవ్ కొట్టు, డీ అట్లనే ఉంచు" అన్నప్పుడు డ్రైవ్ అంటే అక్షరం, అంటే పార్టిషన్. సెటప్ స్క్రీన్‌లో డ్రైవ్ 0 అంటే మొత్తం డిస్క్. ఆ స్క్రీన్‌లో సీ, డీ అన్న అక్షరాలు ఉండనే ఉండవు. "డీల ఉన్నయి, ఏం గాదు" అని నమ్మే డేటా అదే డిస్క్ మీది ఇంకో ముక్క అయితే, డిస్క్ పోయిన రోజు రెండూ కలిసే పోతాయి.

హార్డ్ డిస్క్ నుంచి డేటా

డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5 రెండు విలువలూ సున్నా దాటి ఉన్నాయి. 05 అంటే పాడై పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్‌లో డేటా రాసే చిన్న గళ్లు), సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి. డేటా పంపడంలో తప్పులను లెక్కించే సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ కన్నా ముందు సాటా కేబుల్‌ను అనుమానించాలి. ఇక్కడ కేబుల్ తప్పు లేదు.

ఇట్లాంటి డిస్క్ మీద చెక్‌డిస్క్‌ను /ఆర్‌తో నడపడం చాలాచోట్ల అలవాటు. అది డిస్క్ అంతా గీకి చదువుతుంది, ఫైల్ టేబుల్‌ను మారుస్తుంది. డేటా బయటికి రాకముందు దాన్ని ముట్టుకోకూడదు. లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, చెడిపోతున్న డిస్క్‌ను కాపీ చేసే డీడీరెస్క్యూతో కొత్త 1 టీబీ డిస్క్‌లోకి సెక్టార్ల వారీగా దించాం. మొదటి విడత -ఎన్ తో, అంటే మొండికేసిన చోట ఆగకుండా దాటుకుంటూ. రెండో విడతలో మిగిలిన చోట్లకు మూడుసార్ల ప్రయత్నం. ఎక్కడిదాకా కాపీ అయిందో రాసుకునే మ్యాప్‌ఫైల్ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోయినా అది ఉంటే ఆగిన చోటి నుంచి మొదలవుతుంది.

డ్రైవ్ ఎంచుకోవడంలో అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే. డీడీరెస్క్యూలో ముందు రాసేది చదివే డిస్క్, తర్వాతది రాసే డిస్క్. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి డేటా మీద పడుతుంది. రెండూ 1 టీబీలే కాబట్టి సైజు చూసి గుర్తుపట్టడం కుదరదు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో మోడల్, సీరియల్ నంబర్ తెప్పించుకుని, డిస్క్ మీది స్టిక్కర్‌తో చివరి నాలుగు అంకెలు సరిచూసుకున్నాకే ఎంటర్ కొట్టాలి. ఆ రెండు నిమిషాలు దండగ కావు.

పాడవకుండా కొంతే నెమ్మదించిన డిస్క్ అయితే విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కాపీ కమాండ్ చాలు. /ఆర్:1 /డబ్ల్యూ:1 పెట్టకపోతే ఒక్క చదవలేని ఫైల్ దగ్గర పది లక్షలసార్లు, సారికి 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. దాని డిఫాల్టే అంత.

బూట్ ఫైళ్లు ఎస్‌ఎస్‌డీలోకి

కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించి, విండోస్ 11 పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాం. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బయోస్) అని ముందున్న దాన్నే ఎంచుకోవాలి. సెటప్ మొదటి స్క్రీన్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్లని కమాండ్ విండో వస్తుంది.

డిస్క్‌పార్ట్ తెరిచి లిస్ట్ డిస్క్ కొడితే రెండు వరుసలు: 447 జీబీ ఎస్‌ఎస్‌డీ, 14 జీబీ పెన్‌డ్రైవ్. పెన్‌డ్రైవ్ కూడా డిస్క్ నంబర్ తీసుకుంటుందని గుర్తుంచుకోవాలి. ఎస్‌ఎస్‌డీని సెలెక్ట్ చేసి, డీటెయిల్ డిస్క్ కొట్టి మోడల్ పేరు సరిచూశాక, లిస్ట్ పార్టిషన్. 446 జీబీ పార్టిషన్‌ను సెలెక్ట్ చేసి ష్రింక్ డిజైర్డ్=300. అక్కడ ఏర్పడిన ఖాళీలో క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్=260. తర్వాత ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఫ్యాట్32, అసైన్ లెటర్=ఎస్. 100 ఎంబీ కూడా సరిపోతుంది. 260 పెడితే ఒక్కో సెక్టార్ 4కే ఉన్న డిస్కులకూ అదే కొలత పనికొస్తుంది. ఈఎఫ్‌ఐ పార్టిషన్ డిస్క్ మొదట్లోనే ఉండాలన్న నియమం లేదు. రికవరీకి ముందు, మధ్యలో ఉన్నా బయోస్ పట్టుకుంటుంది.

లిస్ట్ వాల్యూమ్‌తో విండోస్ ఉన్న అక్షరం చూడాలి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినప్పుడు అది సీ కాకుండా డీ కావచ్చు. ఇక్కడ సీయే. డిస్క్‌పార్ట్ నుంచి బయటికొచ్చి, బూట్ ఫైళ్లు తయారుచేయడానికి ఇచ్చిన కమాండ్: బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ. బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్ అని ఒక్క వరుస వచ్చింది. పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేస్తే డెస్క్‌టాప్, దాని మీది పత్రికలు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఈ మెషీన్‌లో లోకల్ అకౌంట్ ఉంది, డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డేటా తెరుచుకోకుండా వేసే తాళం) లేదు కాబట్టి ఇంత సాఫీగా అయింది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, టీపీఎం (సెక్యూరిటీ చిప్) ఉన్న మెషీన్లలో హోమ్ ఎడిషన్‌లో సైతం డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. అట్లాంటి డిస్క్‌కు 48 అంకెల రికవరీ కీ లేకుండా ష్రింక్ కాదు, ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోదు. ఎవరి ఈమెయిల్‌తో లాగిన్ అయ్యారో ముందు అడిగి, ఆ అకౌంట్‌లో కీ ఉందని కళ్లతో చూశాకే పని మొదలుపెట్టాలి.

చివరగా కొత్త హార్డ్ డిస్క్ తగిలించాం. సెక్టార్ల వారీ కాపీ కాబట్టి పాత 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా దాంట్లోకి వచ్చేసింది. దాన్ని అట్లాగే వదిలితే రేపు ఎవరైనా మళ్లీ విండోస్ ఎక్కిస్తే కథ మొదటికొస్తుంది. డిస్క్‌పార్ట్‌లో కొత్త హార్డ్ డిస్క్‌ను సెలెక్ట్ చేసి ఆ పార్టిషన్‌ను డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్‌తో తీసేశాం, పాత విండోస్ 10 ఉన్న 150 జీబీని ఫార్మాట్ చేశాం. పాత డిస్క్‌ను, దాని కాపీని రెండిటినీ ఒకేసారి తగిలించవద్దు. గుర్తింపు సంఖ్యలు ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది.

ఎక్కించే రోజే ఎట్లా చేయాల్సింది

విండోస్ పోవాల్సిన డిస్క్ తప్ప మిగతావాటి సాటా కేబుళ్లు పీకి పెట్టాలి. అంతే. సైడ్ ప్యానెల్ రెండు స్క్రూలు, ఎర్ర కేబుల్ ఒకటి. ఒకే డిస్క్ ఉంటే తప్పు ఎంచుకునే దారి లేదు, బూట్ ఫైళ్లు ఇంకెక్కడికీ పోలేవు. ల్యాప్‌టాప్‌లో విప్పడం కుదరకపోతే బయోస్‌లో ఆ పోర్టును డిసేబుల్ చేయొచ్చు. అదీ లేకపోతే ఎక్కించాక ఈఎఫ్‌ఐ ఎక్కడ చేరిందో చూసి, పైన చెప్పిన బీసీడీబూట్ పని అప్పుడే చేసెయ్యాలి.

డిస్క్ నంబర్‌ను నమ్మొద్దు. 0 అంటే మొదటిదీ కాదు, పెద్దదీ కాదు. కంప్యూటర్ ఏ వరుసలో గుర్తించిందో ఆ వరుస, కేబుల్ ఇంకో పోర్టుకు మార్చితే మారిపోతుంది. సైజు కొంత నమ్మొచ్చు, కానీ డబ్బా మీది అంకె స్క్రీన్ మీద కనపడదు. 240 జీబీ 223.6గా, 256 జీబీ 238.5గా, 500 జీబీ 465.8గా, 1 టీబీ 931.5గా కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో, విండోస్ 1024తో లెక్కేయడమే తేడా. పార్టిషన్లకు ముందే పేర్లు పెట్టుకుంటే ఆ పేర్లు సెటప్ జాబితాలో వస్తాయి. డేటా పార్టిషన్‌కు ముట్టొద్దు అనే పేరు పెట్టిన షాపులున్నాయి, అది మంచి పని.

24హెచ్2 సెటప్ మొదట్లో ఫైళ్లు, యాప్‌లు అన్నీ పోతాయని ఒప్పుకోమంటూ టిక్ పెట్టిస్తుంది. ఆ టిక్‌తో ఏదీ పోదు. డిస్క్ స్క్రీన్‌లో ఎంచుకున్నదే పోతుంది. అక్కడ చెయ్యి జారితే హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ రెండూ ఒకటి కావు. హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ అయినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వస్తాయి. ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్‌తోపాటే ట్రిమ్ ఆదేశం పోతుంది, పాత డేటా ఉన్న సెల్స్‌ను డిస్క్ తనంతట తానే తుడిచేసుకుంటుంది. దానికి హైదరాబాద్ తీసుకుపోయినా సాధారణంగా ఫలితం ఉండదు. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ కమాండ్ కూడా ఒక్కసారైనా "నిజమేనా" అని అడగదు. లిస్ట్ డిస్క్ మళ్లీ కొట్టి, నక్షత్రం (*) గుర్తు ఏ వరుస ముందుందో చూసి అప్పుడు క్లీన్ కొట్టాలి.

ఎస్‌ఎస్‌డీని సీ, డీ, ఈ అని ముక్కలు చేయడం మాత్రం మానుకుంటే మేలు. 100 జీబీ సీ పెడితే ఏడాదిలో అప్‌డేట్లు, ఫోటోషాప్ తాత్కాలిక ఫైళ్లతో నిండిపోతుంది, పక్క ముక్క ఖాళీగా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ మొత్తం ఒకటే సీ, డేటాకు వేరే డిస్క్, దానికి బయట ఇంకో కాపీ.

ఇదే స్క్రీన్ దగ్గర వచ్చే మిగతా ఆటంకాలు

డిస్క్ మీద ఎంబీఆర్ (పాత పద్ధతి) పార్టిషన్ టేబుల్ ఉంది, ఈఎఫ్‌ఐ సిస్టమ్‌లో జీపీటీయే (కొత్త పద్ధతి) కావాలన్న ఎర్ర హెచ్చరిక పాత డిస్కులతో వస్తుంది. ఖాళీ డిస్క్ అయితే క్లీన్, కన్వర్ట్ జీపీటీ. డేటా ఉంటే ఆ రెండూ కొట్టొద్దు. అందులో విండోస్ 10 నడుస్తున్నప్పుడే ఎంబీఆర్2జీపీటీ కమాండ్‌ను /అలోఫుల్‌ఓఎస్ కలిపి /వ్యాలిడేట్‌తో పరీక్షించి, తర్వాత /కన్వర్ట్ చేస్తే డేటా ఉండగానే మారుతుంది. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు. బయోస్‌ను లెగసీకి (పాత బూట్ పద్ధతికి) మార్చి హెచ్చరికను దాటేయడం తేలికే కానీ విండోస్ 11కు అది దారి కాదు.

డిస్కుల జాబితాయే ఖాళీగా వస్తే, ముఖ్యంగా ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో, డిస్క్ పోయిందనుకోవద్దు. వీఎండీ (డిస్కులను నడిపే ఇంటెల్ పద్ధతి) ఆన్‌లో ఉంటుంది, సెటప్‌కు దాని డ్రైవర్ ఉండదు. తయారీదారు సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టుకుని లోడ్ డ్రైవర్ నొక్కితే డిస్క్ కనిపిస్తుంది. బయోస్‌లో వీఎండీని ఆపేసినా కనిపిస్తుంది, కానీ అప్పటికే నడుస్తున్న విండోస్ ఉంటే అది నీలం స్క్రీన్‌తో ఆగిపోతుంది.

ఈ షాపు మెషీన్‌లో ఎస్‌ఎస్‌డీ ఒక్కటే పెట్టి రెండుసార్లు, రెండు డిస్కులతో రెండుసార్లు ఆన్ చేసి చూశాం. బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్ పక్కన ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ పేరుంది. రెండు విండోస్‌ల నీలం స్క్రీన్ రావడం లేదు. సైడ్ ప్యానెల్ లోపలి వైపు ఒక కాగితం అంటించి రాసిపెట్టాం: పోర్ట్ 1 ఎస్‌ఎస్‌డీ, విండోస్, బూట్ రెండూ ఇందులోనే. పోర్ట్ 2 హార్డ్ డిస్క్, డేటా మాత్రమే, విండోస్ ఎక్కించేటప్పుడు ఈ కేబుల్ పీకండి. కింద రెండు డిస్కుల సీరియల్ చివరి నాలుగు అంకెలు.